దుస్తులు కలిపితే దళాలు కలుస్తాయా?

1968 ఫిబ్రవరి 1న కెనడాలో సైన్యం, నౌకాదళం, వైమానిక దళం చట్టరీత్యా లేకుండా పోయాయి. మూడింటి స్థానంలో కెనడా సాయుధ దళాలు అనే ఒకే సంస్థ మిగిలింది. ఓడ మీద ఉన్నవాడికి, విమానం నడిపేవాడికి, తుపాకీ పట్టినవాడికి ఒకే ముదురాకుపచ్చ యూనిఫాం. హోదాల పేర్లు కూడా సైన్యానివే. నిన్నటిదాకా నౌకాదళ కెప్టెన్‌గా ఉన్నవాడు తెల్లారేసరికి కాగితాల్లో కర్నల్ అయ్యాడు.

దీని వెనుక ఉన్నది 1967 దాకా రక్షణ మంత్రిగా ఉన్న పాల్ హెల్యర్. మూడు ప్రధాన కార్యాలయాలు, మూడు సరఫరా శాఖలు, మూడు శిక్షణ వ్యవస్థలు ఎందుకు, ఆ డబ్బుతో ఆయుధాలు కొనవచ్చు కదా అన్నది 1964 నాటి శ్వేతపత్రంలో ఆయన వాదన. లెక్క తప్పేమీ కాదు. కానీ నౌకాదళం భగ్గుమంది. బహిరంగంగా వ్యతిరేకించిన రియర్ అడ్మిరల్ విలియం లాండీమోర్‌ను 1966లో పదవి నుంచి తప్పించారు. 1980ల మధ్యలో పాత రంగుల యూనిఫాంలు తిరిగొచ్చాయి. 2011లో పాత పేర్లు కూడా, రాజరిక విశేషణంతో సహా, వచ్చేశాయి.

అయితే ఈ కథను చాలామంది ఇక్కడే ఆపేసి 'విలీనం విఫలమైంది' అని తేల్చేస్తారు. చట్టం దృష్టిలో కెనడా దళాలు ఇప్పటికీ ఒకే సంస్థ. అధిపతి ఒక్కరే, సరఫరా వ్యవస్థ ఉమ్మడిదే. జనానికి కనబడని చోట కలిపినవి నిలిచాయి. ఒంటి మీద, భుజం మీద, పేరులో కలిపినవి నిలవలేదు.

మన దగ్గర ఎవరూ యూనిఫాంలు కలుపుతామనడం లేదు. థియేటర్ కమాండ్ల పేరుతో జరుగుతున్న చర్చ వేరు. ఒక సరిహద్దుకు ఒకే కమాండర్ ఉండి, అక్కడి సైనికులు, విమానాలు, ఓడలు అన్నీ ఆయన మాట కింద పనిచేయాలన్నది ఆ ఆలోచన. దళాలు దళాలుగానే ఉంటాయి. మనుషులను తీసుకోవడం, తర్ఫీదు ఇవ్వడం వాటి పని, యుద్ధం నడిపించడం కమాండర్ పని.

ఈ అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే పటం చూస్తే చాలు. సైన్యానికి ఏడు కమాండ్లు, వైమానిక దళానికి ఏడు, నౌకాదళానికి మూడు, మొత్తం 17. చైనా వైపు సరిహద్దును ప్రధానంగా చూసుకునే సైనిక కమాండ్లు ఉధంపూర్, లఖ్‌నవూ, కోల్‌కతాలలో ఉన్నాయి. అదే సరిహద్దు మీద ఎగరాల్సిన వైమానిక కమాండ్లు ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్, షిల్లాంగ్‌లలో ఉన్నాయి. ఒక్క జత కూడా ఒకే ఊళ్లో లేదు. అవతల చైనా 2016లోనే తన ఏడు సైనిక ప్రాంతాలను ఐదు థియేటర్లుగా మార్చి, లద్దాఖ్ నుంచి అరుణాచల్ దాకా మనకెదురుగా ఉన్న గీతనంతా చెంగ్డూలోని ఒక్క కమాండ్‌కు అప్పగించింది.

ఇంట్లో మూడు కుంపట్లు ఉన్నా వంట బాగానే సాగుతోంది కదా అనేవారు 1971ని చూపిస్తారు. నిజమే. ఆ ఏడాది డిసెంబరులో సైన్యం ఢాకాను చుట్టుముట్టింది, నౌకాదళం బంగాళాఖాతాన్ని దిగ్బంధించింది, 14న మిగ్-21లు గవర్నర్ భవనం మీద దాడి చేయగానే తూర్పు పాకిస్థాన్ గవర్నర్ రాజీనామా రాసిచ్చాడు. పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన విశాఖ తీరంలోనే. బీచ్ రోడ్డులోని 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ముందు ఫొటోలు దిగేవాళ్లలో ఎందరికి తెలుసో గానీ, ఆ యుద్ధంలో మూడు దళాల మీద ఉమ్మడి కమాండర్ ఎవరూ లేరు. మూడు దళాల అధిపతులు మానెక్‌షా, పి.సి. లాల్, నందా ఒకరితో ఒకరు మాట్లాడుకుని పని కానిచ్చారు.

వాళ్లకు దొరికినది, తర్వాతి వాళ్లకు దొరకనిది ఒకటుంది. సమయం. 1971 వసంతంలో సంక్షోభం మొదలైతే యుద్ధం డిసెంబరులో వచ్చింది. కూర్చుని మాట్లాడుకోవడానికి, పొరపొచ్చాలు సర్దుకోవడానికి నెలలు చేతిలో ఉన్నాయి. అంతకు ఆరేళ్ల ముందు ఆ వెసులుబాటు లేదు. 1965 సెప్టెంబరు 1న జమ్మూ వైపు ఛంబ్‌లో పాకిస్థాన్ ట్యాంకులు దూసుకొస్తుంటే సాయంత్రం పూట హడావుడిగా వైమానిక దళాన్ని పిలిచారు. వెళ్లిన పాతకాలపు వాంపైర్ విమానాల్లో నాలుగు కూలిపోయాయి. వారం తిరగకుండానే పాకిస్థాన్ ఓడలు ద్వారక మీద గుండ్లు కురిపించి వెళ్లాయి. మన నౌకాదళాన్ని పోరుబందర్ దాటి ఉత్తరానికి వెళ్లవద్దని అప్పటికే ఆపి ఉంచారు. 1999 కార్గిల్‌లోనూ అంతే. మేలో సైన్యం సాయుధ హెలికాప్టర్లు కావాలంది. అంత ఎత్తులో అవి పనికిరావని, పైగా ప్రభుత్వ అనుమతి ఉండాలని వైమానిక దళం అంది. రెండు వాదనల్లోనూ నిజముంది. దాడులు మొదలైంది మాత్రం మే 26న. ఈలోపు కొండల మీద సైనికులు ప్రాణాలు కోల్పోతూనే ఉన్నారు.

సఖ్యత మీద నడిచే వ్యవస్థకు వ్యవధి కావాలి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ 7న మొదలై 10 నాటికి కాల్పుల విరమణ దాకా వచ్చేసింది. నాలుగే రోజులు. అది బాగా సాగింది కాబట్టి ఉన్న పద్ధతే చాలునన్నది వైమానిక దళ వర్గాల వాదన. కానీ అది ఒక్క సరిహద్దు, ఒక్క లక్ష్యం, దాడి సమయం మనం ఎంచుకున్నది. ఢిల్లీ పెద్దలంతా దాని మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నారు. రెండు సరిహద్దులు ఒకేసారి రాజుకుంటే ఆ శ్రద్ధను రెండుగా చీల్చాలి.

వైమానిక దళం అభ్యంతరాన్ని మొండితనంగా కొట్టిపారేయడం మాత్రం అన్యాయం. దానికి మంజూరైన యుద్ధవిమాన స్క్వాడ్రన్లు (విమానాల బృందాలు) 42. 2025 సెప్టెంబరులో మిగ్-21లు సెలవు తీసుకున్నాక మిగిలినవి 29. అంబాలాలోని విమానం ఉదయం పశ్చిమానికి, సాయంత్రం ఉత్తరానికి వెళ్లగలదు. దాన్ని ఒక థియేటర్‌కు కట్టేస్తే ఆ బలమే పోతుంది. ఉన్న కాసిని విమానాలను ముగ్గురు కమాండర్లకు పంచితే ఎవరికీ చాలవు. పైగా 2021లో అప్పటి త్రిదళాధిపతి (సీడీఎస్) జనరల్ బిపిన్ రావత్ వైమానిక దళాన్ని శతఘ్ని దళంలా, ఇంజినీర్లలా తోడ్పడే విభాగం అన్నారు. అప్పటి వైమానిక దళాధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ భదౌరియా వెంటనే ఖండించారు. అది నోరు జారిన మాటైనా, మనసులో మాటైనా, మిగతా రెండు దళాల భయానికి రుజువుగా ఇప్పటికీ పనికొస్తోంది. 12 లక్షల పైచిలుకు సైన్యం పక్కన వైమానిక దళం సుమారు లక్షా నలభై వేలు, నౌకాదళం అందులో సగం. మొదటి ఇద్దరు త్రిదళాధిపతులూ సైన్యం నుంచే వచ్చారు. ఇలాంటి తూకంలో 'కలుద్దాం' అనే మాట చిన్నవాడి చెవికి 'లొంగిపో' అన్నట్టే వినిపిస్తుంది. కెనడా నావికుల ఒంటి మీదికి ఎక్కిన ఆకుపచ్చ కూడా అలాంటిదే.

అమెరికాను చూడమనేవారికి ఒక మాట. 1980లో ఇరాన్‌లోని బందీలను విడిపించబోయి ఎడారిలో ఎనిమిది మందిని పోగొట్టుకున్నాక, 1986లో ఆ దేశం గోల్డ్‌వాటర్-నికల్స్ చట్టం తెచ్చి యుద్ధ బాధ్యతను దళాధిపతుల నుంచి కమాండర్లకు మార్చింది. దళాలను కలపలేదు. 2019లో అంతరిక్ష దళం పేరుతో మరొకటి పెంచుకుంది కూడా. అక్కడ కమాండర్ అడిగితే ఇవ్వడానికి విమానాలున్నాయి. మనం ఆ చట్టాన్ని అనువదించుకోగలం గానీ ఆ విమానాలను కాదు.

నా మట్టుకు నాకు దళాల విలీనం అనవసరం, యుద్ధ నాయకత్వపు విలీనం అవసరం. మొదలు పెట్టాల్సింది సముద్రం నుంచి. అక్కడ ఎవరు పెద్ద అన్న తగవు తక్కువ. విశాఖ, ముంబయి నౌకాదళ కమాండ్లను, అండమాన్ ఉమ్మడి కమాండ్‌ను ఒక గొడుగు కిందికి తెచ్చి నాలుగైదేళ్లు నడిపి చూడవచ్చు. భూ సరిహద్దుల విషయంలో విమానాలను పంచకుండా, ఏ పరిస్థితిలో ఏ థియేటర్‌కు ఎన్ని, ఎంతసేపట్లో ఇవ్వాలో ముందే రాసుకోవాలి. ఉమ్మడి ప్రణాళికా కేంద్రం ఢిల్లీలో ఉండాలని 2025 ఆగస్టులో ఎయిర్ చీఫ్ మార్షల్ ఎ.పి. సింగ్ చెప్పిన మాటను ఈ పనికి వాడుకోవచ్చు.

తెర వెనుక కలపగలిగినవి మాత్రం ఆలస్యం లేకుండా కలిపేయాలి. వైద్య సేవలు ఎప్పటి నుంచో ఉమ్మడివే. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో మూడు దళాల కుర్రాళ్లు మూడేళ్లు ఒకే మెస్‌లో తింటారు. మన సికింద్రాబాద్ సైనిక్‌పురిలోని రక్షణ నిర్వహణ కళాశాలలో మూడు రంగుల అధికారులు పక్కపక్కనే కూర్చుని 1970 నుంచి చదువుతున్నారు. కలిసి చదివి, విడిపోయి ఎవరి కొనుగోళ్లు వాళ్లు చేస్తారు. అపాచీ హెలికాప్టర్లు వైమానిక దళం దగ్గర 22 ఉండగా సైన్యం తన కోసం విడిగా ఆరు కొనుక్కుంది. హెలికాప్టర్ ఒకటే, పైలట్లు, మరమ్మతు సిబ్బంది మాత్రం ఎవరివాళ్లు వాళ్లకే.

ఉమ్మడి కమాండ్ అంటే ఎంత తేలిక కాదో అండమాన్‌కు తెలుసు. 2001లో ఏర్పడిన ఆ కమాండ్‌కు దళాలు తమ బలగాలను మనస్ఫూర్తిగా ఇచ్చింది తక్కువ. అక్కడ ఒక సైనికుడు, ఒక నావికుడు, ఒక వైమానిక సిబ్బంది కలిసి ఒకే తప్పు చేస్తే ముగ్గురికీ మూడు చట్టాలు. విచారణకు ఎవరి దళానికి వారిని పంపాల్సి వచ్చేది. ఉమ్మడి కమాండర్‌కు అందరినీ శిక్షించే అధికారం 2023లో పార్లమెంటు చట్టం చేస్తే గానీ రాలేదు, అమలైంది 2024 మేలో. కార్గిల్ సమీక్షకు కొనసాగింపుగా 2001లో మంత్రుల బృందం సిఫార్సు చేసిన త్రిదళాధిపతి పదవి 2020 జనవరి 1న భర్తీ అయింది. హెలికాప్టర్ ప్రమాదంలో రావత్ మరణించాక అది తొమ్మిది నెలలకు పైగా ఖాళీగా ఉంది. 2025 ముగిసేనాటికి ఒక్క థియేటర్ కమాండ్ కూడా ఏర్పడలేదు.

ప్రతిపాదనల ప్రకారం పశ్చిమ థియేటర్‌కు జైపూర్, ఉత్తరానికి లఖ్‌నవూ, సముద్రానికి తిరువనంతపురం అంటున్నారు. ఊళ్ల పేర్ల మీద చర్చ బాగానే సాగుతోంది. రేపు జైపూర్‌లో లెఫ్టినెంట్ జనరల్ కింద పనిచేసే ఎయిర్ మార్షల్ వార్షిక పనితీరు నివేదికను ఎవరు రాస్తారన్నది మాత్రం ఎవరూ గట్టిగా అడగడం లేదు. ఆ అధికారికి తర్వాతి ప్రమోషన్ ఇప్పించేది పక్క గదిలోని కమాండరా, ఢిల్లీలోని వైమానిక దళాధిపతా? రాత్రి రెండు గంటలకు రెండు ఫోన్లూ ఒకేసారి మోగితే ఆయన మొదట ఏది ఎత్తుతాడో ఆ నివేదిక మీద సంతకం పెట్టేవారే నిర్ణయిస్తారు.