సవరణ: ఎల్డోరా ట్రాక్ కట్టింది టోనీ స్టీవర్ట్ కాదు

అమెరికాలోని ఒహాయోలో ఉన్న ఎల్డోరా స్పీడ్‌వే అనే కార్ రేసుల ట్రాక్‌ని నాస్కార్ (అమెరికాలో పేరున్న కార్ రేసుల పోటీ) ఛాంపియన్ టోనీ స్టీవర్ట్ కట్టించాడని మొన్న రాశాను. అది తప్పు. ఆయన కొన్నాడు, అంతే. అది కూడా 2004 చివర్లో.

కట్టింది ఎర్ల్ బాల్టెస్. ట్రాక్ తన గురించి చెప్పుకునే చరిత్రలోనూ, ఆయన పోయినప్పుడు 2015లో వచ్చిన వార్తల్లోనూ ఇదే ఉంది. ఆయన అసలు బ్యాండ్ వాయించే మనిషి! డ్యాన్స్ హాల్ నడుపుతూ, దాని పక్కన పల్లంగా ఉన్న జాగాలో 1954లో పావు మైలు మట్టి ట్రాక్ వేశాడు. తర్వాత పెంచుకుంటూ పోయి అర మైలు చేశాడు. భార్య బెర్నీస్‌తో కలిసి యాభై ఏళ్లు నడిపాడు. ఏటా జరిగే వరల్డ్ 100 రేసు 1971లో మొదలైంది, గెలిచినవాళ్లకి గ్లోబు ఆకారపు ట్రోఫీ ఇస్తారు. 2001లో ఒక్క రేసుకి పది లక్షల డాలర్ల ప్రైజ్ పెట్టింది కూడా బాల్టెసే.

2013లో అక్కడ జరిగిన నాస్కార్ పికప్ ట్రక్కుల రేసు మాత్రం స్టీవర్ట్ హయాంలోదే. ఆ వార్త చదివిన ఊపులో మొత్తం ఆయన ఖాతాలో వేసేశాను. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.