వరద ఎంతొచ్చిందో చెప్పండి చాలు

భద్రాచలంలో నీళ్ళు పెరుగుతున్నాయని తెలిస్తే చాలు, ఇక్కడ గోదారి కంటే ముందు వాట్సాప్ పోటెత్తుద్ది. ధవళేశ్వరం బ్యారేజీలో గేట్లన్నీ ఎత్తేశారంట, ఏటిగట్టు తెగిపోయిందంట, గోదారి మధ్యనున్న ఫలానా లంక మునిగిపోయిందంట అని ఒకటే గోల. వరదొస్తే 175 గేట్లూ ఎత్తడం మామూలేనండి, ఎత్తకపోతే భయపడాలి. ఇక ఆ మెసేజీతో వచ్చిన వీడియో ఏంటని చూస్తే 2022 జులైది, అప్పుడు 25 లక్షల క్యూసెక్కుల పైన సముద్రంలోకి వదిలారు కదా, ఆ వరద ప్రతి ఏడూ ఫోన్లలో మళ్ళీ వస్తానే ఉంది. పశువుల్ని గట్టు మీదకి తోలాలా వద్దా అని తేల్చుకోవాల్సిన లంక రైతుకి కావాల్సింది ఒక్క ముక్క, ధవళేశ్వరంలో ఇప్పుడు ఎన్ని అడుగులుంది, పెరుగుతోందా తగ్గుతోందా అని. 11.75 అయితే మొదటి హెచ్చరిక, 13.75 కి రెండోది, 17.75 కి మూడోది, ఇది లంకల్లో ఎవర్ని లేపి అడిగినా చెప్తారు. ఆ ముక్క కోసం మూడొందల మెసేజీలు తోసుకుంటూ పోవాల్సొస్తోంది.

అలాగని పాత రోజులే బావుండేవని మేం అనం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడినప్పుడు చేతిలో ఈ ఫోన్లు లేవు, వెయ్యి మందికి పైనే పోయారు, కొబ్బరి తోటలు నేలకి పడుకున్నాయి. ఆ రాత్రి చూసినోళ్ళ దగ్గరికెళ్ళి కబుర్లు ఎక్కువైపోయాయండీ అంటే మొహం మీదే తలుపేస్తారు.

భీమవరం వైపు రొయ్యల చెరువులోళ్ళది ఇంకో రకం బాధ. వంద కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్య) రేటు పొద్దున ఒక గ్రూపులో ఒకటి, మధ్యాహ్నానికి ఇంకో గ్రూపులో ఇంకోటి, ఏది నమ్మి పట్టుబడి పెట్టాలో తెలీదు. ఈలోపు రొయ్యలకొచ్చే వైట్ స్పాట్ జబ్బుకి గ్యారంటీ మందని యూట్యూబ్‌లో ఒకాయన. అది వైరస్ అండి, దానికి మందే లేదు, ఉన్నదల్లా రాకుండా చూసుకోవడమే. కానీ ఈ మాట చెప్పేవాడి వీడియోకి వ్యూస్ రావు.

ఈ మెసేజీల వరదకి అందరూ చెప్పే సలహా ఫోన్ తగ్గించండి అని. అంటే కాలవ లాకు దించేసి నీరు రాకుండా ఆపెయ్యమని. డెల్టాలో పుట్టినోళ్ళకి ఈ సలహా సగమే అని తెలియాలి, ఎందుకంటే మన దగ్గర చేను చచ్చేది నీరొచ్చినందుకే కాదు, వచ్చిన నీరు పోక కూడా. మురుగు నీరు పోయే కౌశిక డ్రెయిన్ అయినా యనమదుర్రు అయినా గుర్రపుడెక్క, పూడిక పేరుకుంటే రెండ్రోజుల వానకే చేలు ముంపు. ఫోన్లోనూ మనం మురుగు కాలవ తవ్వుకోలేదు. పెళ్ళి కోసం పెట్టిన గ్రూపు, పిల్లాడికి అక్షరాభ్యాసం అయిపోయినా అలాగే ఉంది, దాన్నిండా గులాబీల గుడ్ మార్నింగులు. బయటికొచ్చేద్దామంటే బావగారు ఏమనుకుంటారో అని మొహమాటం. 2022 నుంచి గ్రూపు వదిలేస్తే అందరికీ టముకెయ్యట్లేదు, అడ్మిన్‌కి మాత్రమే చెప్తోంది వాట్సాప్, కాబట్టి ఆ బావగారే అడ్మిన్ అయితే తప్ప భయం లేదు. రెండు బాణాల గుర్తుతో వచ్చే మెసేజీ చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, 2020 నుంచి దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. ఆ ఒక్కటి కూడా పంపకుండా ఆపితే మన ఇంటి ముందు బోదె శుభ్రం చేసినట్టే.

మేం మాత్రం ఏం తక్కువ తిన్నాం, వరద రోజుల్లో అరగంటకో బ్రేకింగ్ కొట్టినోళ్ళలో మా పత్రికలూ ఉన్నాయి, గోదారి ఉగ్రరూపం అని పెద్దక్షరాలేసి అడుగుల లెక్క కింద ఏ మూలో పడేసినోళ్ళమే. అధికారుల్ని మేం అడిగేది ఒకటే, నీటిమట్టం, దాని పక్కన టైము, గంటగంటకీ తెలుగులో ఒక్క లైను, లంక పంచాయతీల బోర్డు మీద చాక్‌పీసుతో రాసినా సరే. ఈ ఏడు వరదకి మేమూ మొదటి పేజీ పైన ముందు ఆ అంకె, టైము వేస్తాం, ఉగ్రరూపం ఫొటో లోపలి పేజీలోకి పోద్ది.