లేని ఉప్పు దొంగను వెతికించిన ముల్లు గారికి

నీళ్లలో ఉప్పెంతో చూపే మహారాజశ్రీ హైడ్రోమీటర్ ముల్లు గారి సముఖానికి, బరంపురం నుంచి తమ విధేయుడు రాసుకునే మనవి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళ దాకా తమరి ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాను. గుడిలో కూడా ఎప్పుడూ అంతసేపు కూర్చోలేదు. సముద్రపు చేపల ట్యాంకులోంచి నీళ్లు ముంచి తమరి ప్లాస్టిక్ పెట్టెలో గీత దాకా పోయడం, బుడగలు పోవాలని వేలితో టకటక కొట్టడం, తమరు బద్ధకంగా లేచి 1.022 దగ్గర ఆగడం. పావుగంట ఆగి మళ్లీ పోశాను. 1.022. సముద్రపు ఉప్పదనానికి కావలసింది 1.025, 1.026. బకెట్లో గుప్పెడు ఉప్పు కరిగించి మెల్లగా ట్యాంకులో పోశాను. గంట తర్వాత చూస్తే తమరు పాత చోటనే శయనించి ఉన్నారు.

ఈ ఒక్క ఆదివారమే అయితే ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఇంట్లో సముద్రం పెట్టుకునే ఈ ముచ్చట ఫిబ్రవరిలో మొదలైనప్పుడు మన సంబంధం బాగానే ఉండేది. రాళ్లూ ఇసకా పోగా వంద లీటర్ల నీళ్లు. లీటరుకి 35 గ్రాముల లెక్కన మూడున్నర కిలోల ఉప్పు వంటింటి త్రాసులో తూచి మరీ కలిపాను. తమరు హుందాగా లేచి 1.026 చూపించారు. ఆ రోజు తమరి ఫొటో తీసి మా అక్కకి కూడా పంపాను.

ఉప్పు సంగతి వేరే కథ. సముద్రపు లవణాలన్నీ కలిసిన ఆ ఉప్పు బకెట్ మోసుకొచ్చిన కొరియర్ కుర్రాడు పైన బొమ్మ చూసి, "లుణొ?" అన్నాడు, ఉప్పా అని. అవునన్నాను. హుమ్మ ఉప్పుమడులున్న గంజాం జిల్లాకి ఉప్పు పార్సిల్‌లో తెప్పించుకునే మనిషిని చూడడం అతనికి అదే మొదలు. సంతకం పెట్టించుకుని వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి రెండుసార్లు చూశాడు. మా అమ్మదీ అదే ప్రశ్న. మడుల్లో నీళ్లు ఎండేటప్పుడు సున్నం, జిప్సం ముందే కింద పేరుకుంటాయమ్మా, మెగ్నీషియం చివర మిగిలే నీళ్లలో పోతుంది, మనం కూరలో వేసేది మధ్యలో తీసిన ముక్క, దాన్ని కరిగిస్తే మళ్లీ సముద్రం అవదు అని చెప్పాను. అంతా విని, "అయితే గోపాల్‌పూర్ నుంచి నీళ్లే తెచ్చుకోరాదూ, పదిహేను కిలోమీటర్లేగా" అంది. ఒడ్డున నీళ్లు కలకగా ఉంటాయి, వానొస్తే నదుల నీళ్లు కలిసి ఉప్పు పడిపోతుంది, పైగా ఆ నీళ్లలో ఇంకేం కలుస్తాయో గంగమ్మకే తెలియాలి. ఈ మాటలన్నీ నేనంటే అమ్మ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

ఐదు వారాలు చేపల్లేని నీళ్లు చూస్తూ గడిపాం. అమోనియా నైట్రైట్ అవ్వాలి, నైట్రైట్ నైట్రేట్ అవ్వాలి, ఆ పని చేసే బ్యాక్టీరియా పెరగాలి, అప్పుడు గానీ చేప పడదు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "చేపలేవి?" అనేవారు. గోధుమరంగు నాచు వచ్చింది, పోయింది, పచ్చది వచ్చింది. పగడాలు పెట్టవా అని అడిగిన వాళ్లకి, గట్టి పగడాలు 1972 వన్యప్రాణి చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయనీ, నా ట్యాంకులో రాళ్లు కూడా మనుషులు చేసినవేననీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఫైలిన్ తుపాను చూసిన ఊళ్లో కరెంటు లేకపోతే చచ్చే జీవుల్ని పెంచుతావట్రా అని మామయ్య అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఇన్వర్టర్ వైపు చూశాను. అది కూడా నా వైపు చూడలేదు.

చివరికి రెండు జోకరు చేపలు వచ్చాయి. నాలుగు నత్తలు వచ్చాయి. పగడాల చుట్టాలు, జోయాలు, చొక్కా బొత్తాలంత పువ్వులు పదకొండు, ఒక చిన్న రాయి మీద వచ్చాయి. సరిగ్గా అప్పుడే తమరు దిగడం మొదలుపెట్టారు.

ఏప్రిల్ మొదట్లో 1.025. తర్వాతి వారం 1.024. నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరవదని ఏడో తరగతి పిల్లకి తెలుసు. మా పాపకి తెలుసు, నాకు చెప్పింది కూడా. ఎండలకి ట్యాంకు మీద ఫ్యాన్ పెట్టాను, రోజుకి రెండు లీటర్లు గాల్లో కలిసేవి, ఆ రెండు లీటర్లూ ఆర్వో నీళ్లే పోసి గీత దగ్గరికి తెచ్చేవాణ్ణి. అంటే ఉప్పు ఉన్నది ఉన్నట్టే ఉండాలి. తమరు లేదంటున్నారు. పోతోందంటున్నారు. తమరు పచ్చరంగు గీతలున్న శాస్త్రీయ పరికరం, నేను బ్యాంకు గుమస్తాని. తమరి మాటే నమ్మాను.

అయితే ఉప్పు ఎటు పోతోంది? నెలన్నర ఇదే నా టెన్షన్. స్టాండు కింద ఒడియా పేపరు పరిచి తడి కోసం చూశాను. తడి లేదు. నీళ్లలో మురికిని నురగగా తీసే స్కిమ్మర్ కప్పులో పడే ముదురు నురగ కొలిచాను. గ్లాసు అంచున పేరుకున్న తెల్లటి పొక్కు గోటితో గీకి, నాలిక మీద వేసుకుని, దొరికాడు దొంగ అనుకుని, మొత్తం గీకి త్రాసులో వేస్తే నాలుగు గ్రాములు తూగింది. పనిమనిషి గుడ్డ పెట్టి తుడిచేస్తోందేమోనని అడిగాను. ఆవిడ ఆ రోజు నుంచి హాల్లోకి రావడం మానేసింది, ఆ హాలు ఇప్పుడు నేనే ఊడుస్తున్నాను. దిష్టి తగిలిందంది అమ్మ. దిష్టి తీసేది ఉప్పుతో, ఉప్పుకే దిష్టి తగిలితే దేంతో తీస్తామే అంటే, ఆలోచించి చెప్తానంది. పోయిన ఉప్పుకి బదులు వారానికి రెండు గుప్పెళ్లు కలుపుతూ వచ్చాను. తమరు ఒక్కో గుప్పెడుకీ కాస్త లేచినట్టే లేచి, మూడోనాటికి మళ్లీ కూలబడేవారు. నత్తలు గ్లాసెక్కడం మానేశాయి. జోయాలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పదకొండు బొత్తాలూ పెట్టేసిన చొక్కాలా రాయి బిగుసుకుపోయింది. ఉప్పు తగ్గడం వల్లేనని ఇంకో గుప్పెడు వేశాను.

ఇదీ ఆదివారం నాటి పరిస్థితి. దీపాల వేళకి మా బావ వచ్చాడు. గంజాం వైపు రొయ్యల చెరువులు చూసుకుంటాడు. జేబులో పెన్ను మర్చిపోతాడు గానీ ఒక్క చుక్కతో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ మర్చిపోడు. ట్యాంకులో వేలు ముంచి, గాజు పలక మీద ఒక్క చుక్క రాల్చి, మూత నొక్కి, ట్యూబులైటు వైపు తిరిగి ఒక కన్ను మూశాడు. చాలాసేపు తెరవలేదు.

"ఏటి బావమరిదీ, సముద్రం పెట్టావా, పచ్చడి జాడీ పెట్టావా?"

నాకిచ్చాడు. కంటికి ఆనించి చూశాను. పైన నీలం, కింద తెలుపు, రెండూ కలిసే గీత 42 మీద ఉంది, అంటే ఇంచుమించు లీటరుకి 42 గ్రాముల ఉప్పు. బావ మీద కూడా అనుమానం వచ్చి ఆర్వో నీటి చుక్క వేసి చూశాను. గీత సున్నా మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"మా వనామీ రొయ్యలకి 15, 20 ఉన్నా చాలు. 42లో బతుకుతున్నాయంటే నీ జోకర్లకి దండం పెట్టాలి" అన్నాడు బావ.

ముల్లు గారూ, 42. ఉండాల్సింది 35. వంద లీటర్లకి ఏడు వందల గ్రాముల ఉప్పు ఎక్కువ, నా చేత్తో, గుప్పెడు గుప్పెడు లెక్కపెట్టి. ఏ ఉప్పూ ఎటూ పోలేదు. దొంగే లేడు. నెలన్నర నేను లేని దొంగ కోసం నా ఇంటి నేలని నాకుతూ తిరిగాను.

నిన్ను దీపం కింద పెట్టి చూశాను. ఇరుసు దగ్గర, రెక్క కింద అంచున, సన్నగా తెల్లటి పొర. కడక్కుండా ఆరబెట్టిన ప్రతిసారీ కాస్త కాస్త పేరుకుంది. నువ్వు బరువెక్కావు. బరువెక్కి లేవలేక, లేవలేకపోతున్నానని చెప్పకుండా, నీళ్లే పల్చబడ్డాయన్నావు. పెళ్లిలో రెండు విస్తళ్లు లాగించి లేవలేక, గచ్చు జారుతోందనేవాళ్లని చూశాను. నువ్వు ఆ రకం. పైగా నీ పెట్టె మీద 25 డిగ్రీలని రాసి ఉంది, మే నెలలో మా నీళ్లు 29. వేడి నీళ్లలో నువ్వు ఇంకాస్త కిందికే చూపిస్తావు, అది కూడా కలుపుకో. నాకు ఒళ్లు మండేది నీ తప్పుకి కాదు. ఒక్కసారన్నా వణకలేదే! అటూ ఇటూ ఊగి, ఇక్కడో అక్కడో అని తడబడి ఉంటే నాకు అనుమానం వచ్చేది. ప్రతిసారీ పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు నిటారుగా, కదలకుండా, 1.022. అబద్ధమాడేవాడికి అంత నిబ్బరం ఎక్కడిదిరా?

వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలని నీతో వచ్చిన కాగితంలో ఉంది. చూశాను. సోమవారం చూశాను. రిఫ్రాక్టోమీటర్ ఖరీదెక్కువని నిన్ను కొన్నదీ నేనే. ఆ మాట మా ఆవిడ ఇప్పటికి నాలుగుసార్లు అంది, నువ్వు అనక్కర్లేదు.

ఆదివారం రాత్రి నిన్ను వెనిగర్లో నానేశాను. పొద్దున్న కడిగి, బావ ఉంచి వెళ్లిన పరికరంతో సరిచూసుకుంటూ 35 దగ్గర కొత్త ఉప్పునీళ్లు కలిపి పోస్తే, నువ్వు లేచి, 1.026 దగ్గర, వెంటనే, ఏమీ జరగనట్టు నిలబడ్డావు. అప్పుడు నిన్ను మేడ మీంచి విసిరేద్దామనుకున్నాను.

రోజుకి ఆరు లీటర్లు తీసి ఆరు లీటర్లు ఆర్వో నీళ్లు పోస్తూ మూడు రోజులు పట్టింది. ఒక్కసారే దించితే జీవాలు తట్టుకోవు. బాత్రూం దాకా బకెట్లు మోసి నడుం పట్టేసింది. ఈ రాత్రి 35. నత్త ఒకటి గ్లాసు సగం దాకా ఎక్కింది. జోయాలు ఏడు విచ్చుకున్నాయి, నాలుగు ఇంకా అలిగే ఉన్నాయి.

శుక్రవారం బావ వచ్చి తన రిఫ్రాక్టోమీటర్ తీసుకుపోతాడు. కొత్తది వచ్చేది పై నెల జీతం మీద. ఈలోగా నువ్వే గతి. సొరుగులోంచి తీసి, కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి స్టాండు మీద పెట్టాను.

ఇట్లు,
పద్దెనిమిది లీటర్లు మోసినవాడు,
బరంపురం.

తా.క. పనిమనిషి గారిని హాల్లోకి రప్పించాలి. ఆ క్షమాపణ నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా?