పాటలు కాక మిగతాది

విజయనగరంలో సినిమా సంగీత దర్శకుడు కావడం కంటే శాలువాల కొట్టు పెట్టుకోవడం అన్ని విధాలా శ్రేయస్కరం. శాలువాకు ఏడాది పొడవునా గిరాకీ ఉంటుంది. దాని ధర ముందే చెబుతారు. కొన్నవాడు డబ్బు కట్టాకే సంచిలో పెట్టుకుంటాడు. ఈ మూడు భాగ్యాల్లో ఒక్కటైనా దక్కిన నేపథ్య సంగీత దర్శకుడు ఎవరైనా మీకు తెలిస్తే వెంటనే సన్మానం చేయండి. కాకపోతే, చేసే ముందు ఆ సన్మాన పత్రం ఒకసారి చదువుకోండి.

నా గొడవంతా ఆ పత్రంతోనే. ఈ ప్రాంతంలో పుట్టి, హైదరాబాదులో సినిమాలకు నేపథ్య సంగీతం చేస్తున్న ఒకాయనను ఈ మధ్య మన ఊరి సాంస్కృతిక సంస్థ ఒకటి పిలిచి సత్కరించింది. బంగారు రంగు చట్రం, అద్దం, అద్దం వెనక అంచులకు పూలతీగలు. "సంగీత సరస్వతీ గారాల తనయా! స్వరసుధా వారాశీ! బాణీల విశ్వకర్మా!" ఇలా సంబోధనలు ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి చివరికి "మీకివే మా నీరాజనాలు" దగ్గర దిగాయి. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, ఏ సినిమాకు పని చేశాడో మచ్చుకైనా లేదు. అంతకుముందు అదే వేదిక మీద, ప్లాట్లు వేసి అమ్మే ఒక పెద్దమనిషికి ఇదే పత్రం చదివారు. అప్పుడు "లేఅవుట్ల విశ్వకర్మా" అన్నారు, ఇప్పుడు "బాణీల విశ్వకర్మా" అన్నారు. "సరస్వతీ గారాల తనయా" మాత్రం రెండింటిలోనూ ఉంది. భూముల రిజిస్ట్రేషనుకు సరస్వతికి ఉన్న చుట్టరికం ఏమిటో సంస్థ కార్యదర్శికే తెలియాలి.

సభ ఆరు గంటలకని కార్డులో వేశారు. ముఖ్య అతిథి రావాల్సిన సమయం మాత్రం కార్డులో వేయలేదు కాబట్టి ఆయన ఆలస్యంగా వచ్చారని ఎవరూ అనలేరు. ఆయన వచ్చేదాకా సభను నడిపించే భారం వ్యాఖ్యాత మీద పడింది. ఆ కుర్రవాడు మైకు పట్టుకుని సన్మాన గ్రహీత దగ్గరకు వెళ్ళి, "సార్, ఈ మధ్య అంత పెద్ద హిట్టయిన సినిమాలో మీ పాట ఏది?" అని అడిగాడు.

"పాటలు వేరేవారివండి. నేపథ్య సంగీతం నాది."

"ఓహో, అంటే పాటలు కాక మిగతాదన్నమాట!"

చప్పట్లు. రెండున్నర గంటల సినిమాలో పాటలు ఇరవై నిమిషాలు. ఆ మిగతాది చేసిన మనిషి తల వంచుకుని నవ్వాడు.

ఇంతలో ముఖ్య అతిథి వచ్చారు, దీపం వెలిగించారు, ప్రసంగించారు. ఆ సినిమా తాను మొదటి రోజే చూశానని, గుండెల మీద ఎవరో గుద్దినట్టు శబ్దం వచ్చిందని, అలాంటి బాక్సులు మన జిల్లాలో ఇంకెవరూ పెట్టలేరని మెచ్చుకున్నారు. సన్మాన గ్రహీత సౌండు బాక్సులు అద్దెకిచ్చే మనిషి అని ఆయన దృఢంగా నమ్మినట్టు నాకు అర్థమవడానికి కొంతసేపు పట్టింది. తమ కాలేజీ వార్షికోత్సవానికి కూడా అవే బాక్సులు పంపాలని వేదిక మీదే కోరారు, రేటు చూసి వేయమన్నారు. సన్మాన గ్రహీత "అలాగేనండి" అన్నాడు. ఇంకేమంటాడు పాపం, సినిమా రంగంలో ఇరవై ఏళ్ళు నెగ్గుకొచ్చిన మనిషి.

అసలు ఘట్టం ఇప్పుడు వస్తుంది. శాలువా కప్పే సమయంలో ఒక అమ్మాయి వయొలిన్ వాయించాలి. సంగీతం చదువుకుంటున్న పిల్ల, బొబ్బిలి నుంచి వచ్చింది, మధ్యాహ్నం నుంచి తెర పక్కన శ్రుతి చూసుకుంటూ కూర్చుంది. ముఖ్య అతిథికి ఇంకో పెళ్ళికి వెళ్ళాల్సిన తొందర ఉంది. కార్యదర్శి ఆ అమ్మాయికి చెయ్యి అడ్డంగా ఊపి, మైకు సెట్టు కుర్రాడికి కన్ను గీటాడు. కుర్రాడు ఫోను తగిలించి మీట నొక్కాడు. ఢమఢమలు, శంఖాలు, వందమంది బృందగానం, వాటి మధ్య సింహం గర్జన. హీరో కారు దిగేటప్పుడు వచ్చే సంగీతం. ఆ దిక్కులదిరే మోతలో శాలువా కప్పారు, పూలు చల్లారు, పత్రం చేతిలో పెట్టారు. హాలంతా లేచి నిలబడింది.

ఆ సంగీతం ఆయనది కాదు. వేరే సినిమా, వేరే సంగీత దర్శకుడు. ఇంకొకరి సంగీతానికి ఈయన దండం పెడుతూ నిలబడ్డాడు. కాదని చెప్పలేదు. చెప్పినా ఆ మోతలో వినబడదు.

సంగీతం ఎరుగని ఊళ్ళో ఇది జరిగితే నవ్వి ఊరుకోవచ్చు. ఇది 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పి, తరువాత అధ్యక్షులయ్యారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల ఈ వీధుల్లోనే జోలె పట్టి మధూకరం చేసుకుంటూ చదువుకున్నారు. (అప్పటి మన పెద్దలు ఆయనకు అన్నం పెట్టారు, శాలువా కప్పలేదు. అందుకే ఆయన బాగుపడ్డారని నా అనుమానం.)

సాలూరు రాజేశ్వరరావు పేరు చెప్పగానే మన ఛాతీలు ఉబ్బుతాయి. 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టారాయన. సరిగ్గా నూరేళ్ళకు, 2022లో, జిల్లాను విడదీసి సాలూరును పార్వతీపురం మన్యంలో కలిపారు. దాంతో ఆయన ఏ జిల్లా బిడ్డ అని తగువు పడే సదవకాశం మనకు చిక్కింది. తగువు పడేవాళ్ళను 'మాయాబజార్' సంగతి అడిగి చూడండి. 1957 నాటి ఆ సినిమాలో నాలుగు పాటల బాణీలు రాజేశ్వరరావువి. ఆయన తప్పుకున్నాక మిగిలిన పాటలు, వాద్యాల కూర్పు, నేపథ్య సంగీతం ఘంటసాల చూసుకున్నారు. తెర మీద సంగీతం కింద పడిన పేరు ఘంటసాలది ఒక్కటే. 1951 నాటి 'మల్లీశ్వరి' పాటలు రాజేశ్వరరావువని మన ఊళ్ళో పసిపిల్లాడైనా చెబుతాడు. దాని నేపథ్య సంగీతం అద్దేపల్లి రామారావుదని చెబితే పెద్దవాళ్ళే "ఆయనెవరు?" అంటారు. డెబ్బై ఏళ్ళుగా ఆ సినిమా చూసి కళ్ళు తుడుచుకుంటున్నాం. మాట లేని చోట, పాట లేని చోట కూడా తుడుచుకుంటున్నాం. అక్కడ మన కళ్ళు తడిపినది ఎవరో ఒక్కసారి అడగబుద్ధి కాలేదు మనకు.

మనల్ని ఒక్కళ్ళనే తప్పు పట్టలేం, ప్రభుత్వమూ అంతే. 1967 చిత్రాలతో మొదలైన జాతీయ సంగీత పురస్కారాల్లో నేపథ్య సంగీతానికి ఏటేటా విడిగా ఒక బహుమతి ఉండాలని తోచడానికి 2009 చిత్రాల దాకా పట్టింది. ఢిల్లీకే అంత సమయం పడితే మన కార్యదర్శిని ఏమంటాం?

ఇక ఈ మిగతాది ఎలా తయారవుతుందో వినండి. పరిశ్రమలో దీన్ని ఆర్.ఆర్. అంటారు, రీరికార్డింగ్. మద్రాసు రోజుల్లో తెర మీద రీలు ఆడుతుంటే ఎదురుగా వాద్యకారులు కూర్చుని వాయించేవారు. వెయ్యి అడుగుల రీలంటే పదకొండు నిమిషాలు. ఎవరి విల్లు తడబడినా మళ్ళీ మొదటి నుంచి. ఇప్పుడు ఆ అవస్థ లేదు, మనుషులే లేరు కాబట్టి. కథ సిద్ధం కాకముందే విడుదల తేదీ ప్రకటిస్తారు. షూటింగు జరిగినంతకాలం జరుగుతుంది, ఎడిటింగు తెగినంతకాలం తెగుతుంది, తేదీ మాత్రం కదలదు. చివరికి మిగిలిన నాలుగు రోజులూ సంగీతానివి. ఆ నాలుగు రోజుల్లో కూడా సన్నివేశాలు మారుతూనే ఉంటాయి. రాత్రి తండ్రి చావుకు కూర్చిన విషాదం తెల్లవారేసరికి తండ్రి బతికిపోయాడని తీసి పారేస్తారు.

దర్శకుడు అప్పటికే ఏదో విదేశీ సినిమా సంగీతం అతికించుకుని నెలల తరబడి చూసి దానితో ప్రేమలో పడి ఉంటాడు. "అచ్చం ఇలాగే కావాలి, కానీ ఇలా ఉండకూడదు" అంటాడు. నిర్మాత వచ్చి "మన నేల వాసన రావాలి" అంటాడు. అప్పుడు కంప్యూటర్‌లో వెతికితే ఎవరో ఎప్పుడో ఎక్కించిన డప్పు మోతలు దొరుకుతాయి. గుండెకు తప్పెట కట్టి ఆడే మన తప్పెటగుళ్ల బృందాన్ని పిలవాలంటే బండి కట్టాలి, భోజనం పెట్టాలి, మనిషికింత అని చేతిలో పెట్టాలి. మన జానపద వాద్యం జముకు వాయించేవాణ్ణి పిలిస్తే అతడు తాళంతో పాటు కథ కూడా చెబుతాడు, అంత తీరిక ఎవరికుంది? మీట నొక్కితే వచ్చే డప్పు అన్నం అడగదు.

దీనికంతటికీ ఒక మొత్తం మాట్లాడుకుంటారు, దాని పేరు ప్యాకేజీ. స్టూడియో అద్దె, వాద్యకారుల కూలి, సహాయకుల జీతం, మిక్సింగ్ అన్నీ ఆ మూటలోంచే. అంటే ఒక వయొలిన్ వాద్యకారుణ్ణి పిలిచిన ప్రతిసారీ సంగీత దర్శకుడి జేబులోంచి డబ్బు పోతుంది. పిలవకపోతే మిగులుతుంది. ఇంత సిగ్గుమాలిన ఏర్పాటు చేసి, పైగా "ఈ రోజుల్లో సంగీతంలో ప్రాణం లేదు" అని పత్రికల్లో నిట్టూర్చేది కూడా ఆ చేతులే! ప్రాణం ఎక్కడికి పోతుంది? ఎనిమిదేళ్ళు విల్లు పట్టి, వేళ్ళు కాయలు కాసి, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ అద్దె గదిలో ఉంది. పిలవండి, వస్తుంది. కూలి ఇవ్వండి, ఉంటుంది.

చట్టం ఉంది కదా అంటారు లోకజ్ఞులు. ఉంది. 1977లో సుప్రీంకోర్టు సినిమా కోసం చేయించుకున్న సంగీతానికి మామూలుగా నిర్మాతే తొలి యజమాని అని తేల్చింది. 2012 సవరణ వచ్చాక, స్వరకర్త రాయల్టీ వాటాను తన వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదన్నారు. సంతోషమే. కానీ సినిమాతో పాటు సినిమా హాల్లో వినిపించినప్పుడు ఆ రక్షణ వర్తించదని అందులోనే రాశారు. నేపథ్య సంగీతం పుట్టేదే హాలు కోసం. దాన్ని పెళ్ళి ఊరేగింపులో వాయించరు, కారులో పెట్టుకోరు. హాల్లో కుర్చీకి డబ్బు, కళ్ళజోడుకు డబ్బు, పాప్‌కార్న్‌కు టిక్కెట్టుతో సమానమైన డబ్బు, మోటారు సైకిలు నిలిపినందుకు డబ్బు. ఆ చీకట్లో మనల్ని రెండు గంటలు భయపెట్టి, ఏడిపించి, కుర్చీలో కూర్చోబెట్టిన మనిషికి ఆ హాల్లో వాటా అడిగే హక్కు లేదు!

ఆ సభ ముగిసేసరికి బొబ్బిలి చివరి బస్సు వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి, ఆమె తండ్రి ఆటో మాట్లాడుకుని వెళ్ళారు. దారి ఖర్చులు ఇస్తామన్న సంస్థ ఇంతవరకు ఇవ్వలేదని తెలిసి కార్యదర్శిని నేనే అడిగాను.

"ఆ పిల్ల వాయించలేదు కదండీ" అన్నాడు.