పది బస్తాలకే నిండే బండి

గోదావరి డెల్టాలో ధాన్యం బస్తా అంటే వాడుకలో 75 కిలోలు. టాటా ఏస్ వంటి చిన్న వ్యాన్ మోయదగిన బరువు సుమారు 750 కిలోలు. అంటే పది బస్తాలు ఎక్కేసరికే బండి నిండినట్టు లెక్క. తొట్టిలో మాత్రం ఇంకా బోలెడు చోటు కనిపిస్తూనే ఉంటుంది. కిరాయి ట్రిప్పు చొప్పున మాట్లాడుకుంటారు కనుక కోతల రోజుల్లో ఆ ఖాళీని వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. అధిక లోడుకు మూలం డ్రైవర్ల దుడుకుతనంలో కన్నా ఈ బేరంలోనే ఉందని నా అభిప్రాయం.

ఆక్వా సాగు విస్తరించాక లెక్క మరింత చిక్కుపడింది. రొయ్యలతో పాటు ఐసు ఎక్కుతుంది, బతికున్న చేపలకు నీళ్ల ట్యాంకు కావాలి. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. అదైనా కుదురుగా ఉండేది కాదు, బ్రేకు వేస్తే ముందుకూ మలుపు తిరిగితే పక్కకూ దూకుతుంది. డబ్బు సరుకుకే గనుక బేరంలో సరుకు తూకమే వినిపిస్తుంది తప్ప, నీళ్లనూ ఐసునూ బండి మాత్రమే లెక్కపెట్టుకుంటుంది.

బరువు రెట్టింపైతే, అదే వేగంలో ఉన్న బండిని ఆపడానికి బ్రేకులు రెట్టింపు వేడిని భరించాలి. వేడెక్కిన బ్రేకుకు పట్టు తగ్గుతుంది. అణిగిన టైరు వంగి వంగి కాగుతుంది, మే నెల ఎండలో పేలుతుంది. వెనక ఇరుసు దాటి లోడు పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు, హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడతాయి. దీనికి విరుగుడుగా కొందరు అదనపు కమాను పట్టాలు, అంటే ఇరుసు మీద బరువు మోసే ఇనుప స్ప్రింగు పలకలు, వేయిస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని ఇదే, ఎందుకంటే బ్రేకులూ టైర్లూ ఇరుసూ పాతవే ఉండగా, బండి కుంగడమనే ఒక్క హెచ్చరిక కూడా కనబడకుండా పోతుంది.

ఇక రోడ్లు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ ప్రాంతంలో సరుకు చాలాకాలం కాలువల్లో పడవల మీదే సాగింది. ఇప్పుడు ఆ కాలువ గట్లే రోడ్లయ్యాయి. వానకు నానిన నల్లమట్టి అంచు మీదికి, ఎదురొచ్చే బస్సుకు దారిస్తూ, లోడు వ్యాన్ ఒక చక్రం దింపిందంటే తరువాత డ్రైవర్ చేయగలిగేది చాలా తక్కువ.

2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను కింద అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్నుకు 2,000 చొప్పున మరికొంత, దింపుడు ఖర్చు కూడా ఉన్నాయి. నడిపినవారినే కాదు, నడిపించినవారినీ నడపనిచ్చినవారినీ ఆ సెక్షను బాధ్యులను చేస్తుంది. తనిఖీ మాత్రం రోడ్డు మీద స్టీరింగు దగ్గరే ఆగిపోతోంది. లోడు ఎత్తే మిల్లులోనూ ఐసు ఫ్యాక్టరీలోనూ ఎవరి సరుకు ఎంత వెళ్లిందో చీటీ రాసే ఉంటుంది. అధికారులు అక్కడికి వెళ్లి ఆ చీటీలు అడగడం మొదలుపెడితే, పదకొండో బస్తా వద్దనే మాట డ్రైవర్ కన్నా ముందు వ్యాపారే అంటాడు.