శిలాఫలకానికే పరిమితమైన పేదలు

కోస్తాలోని ఒక పట్టణ శివారున, బైపాస్ రోడ్డును ఆనుకుని, ఈ జూన్‌లో తెరుచుకోబోతున్న కొత్త కథోలిక పాఠశాల గేటు పక్కన ఒక నల్లరాతి ఫలకం ఉంది. మేత్రాణులు (బిషప్) ఆశీర్వదించి శంకుస్థాపన చేసిన తేదీ కింద, ఈ విద్యాలయం పేద, బడుగు వర్గాల బిడ్డల అభ్యున్నతికి అంకితమని బంగారు రంగు అక్షరాలతో చెక్కించారు. ఫలకానికి ఇరవై అడుగుల దూరంలోనే అడ్మిషన్ల కౌంటరు. అక్కడ చేతికిచ్చే ఫీజుల పట్టికలో ఒకటో తరగతికి అడుగుతున్న మొత్తం, చర్చి వెనుక పేటలో కాపురముండే కూలీ కుటుంబం ఏడాదంతా కష్టపడి తెచ్చుకునే దానిలో సగానికి పైమాటే. తిరిగి ఇవ్వని ‘భవన నిధి’ దీనికి అదనం. ఆ పట్టికలో గుర్రపుస్వారీకి కూడా ఒక గడి ఉందన్నది వేరే సంగతి.

మా విలేకరి అక్కడున్న ఉదయం, అదే విచారణలో (ఒక చర్చి పరిధిలోని విశ్వాసుల సమూహంలో) గుడి, అంటే చర్చి, ఆవరణ ఊడ్చే ఒక తల్లి తన కూతురి జ్ఞానస్నాన (బాప్తిస్మ) పత్రాన్ని పాలిథిన్ కవరులో భద్రంగా పెట్టుకుని వచ్చారు. కౌంటరులోని ఉద్యోగి దాన్ని విప్పి కూడా చూడలేదు. కుల ధ్రువీకరణ పత్రంలో క్రైస్తవులని ఉంటేనే మైనారిటీ రాయితీ గురించి మాట్లాడవచ్చని, అది కూడా పాఠశాల నిర్వహణ చూసే కరస్పాండెంట్ ఫాదరుగారు ఊరి నుంచి వచ్చాకేనని చెప్పి పంపించేశారు. ఆమె కుటుంబం మూడు తరాలుగా ఆ గుడిదే. ఆ పాఠశాల లేచిన నేల కూడా గుడికీ బడికీ అని తాతల కాలంలో రాసిచ్చినదే.

కౌంటరులో చెప్పిన ఆ ఒక్క మాటలోనే ఈ వ్యవహారంలోని రెండు నాలుకల ధోరణి మొత్తం బయటపడింది. తెలుగునాట దళిత క్రైస్తవుల పరిస్థితి మేత్రాసనానికి (బిషప్ పాలనలోని చర్చి యంత్రాంగానికి) తెలియనిది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవంలోకి వెళ్లినవారికి షెడ్యూల్డ్ కుల హోదాను నిరాకరించింది; వారిని బీసీ-సి జాబితాలో చేర్చి ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టారు. అందువల్లనే ఆదివారం పూజకు తప్పకుండా వచ్చే ఎన్నో కుటుంబాలు కాగితాల్లో హిందువులుగానే మిగిలిపోయాయి. ఆ నిస్సహాయతను విచారణ గురువులందరూ ఎరుగుదురు, అర్థం చేసుకుంటారు, ప్రభుత్వం ముందు వారి తరఫున వాదిస్తారు కూడా. కానుకలు అందుకునేటప్పుడు, విచారణ జనాభా లెక్క చెప్పేటప్పుడు జ్ఞానస్నాన పుస్తకం చాలినప్పుడు, ఫీజు తగ్గించమన్న రోజున మాత్రం తహసీల్దారు ముద్ర ఎందుకు కావలసి వచ్చిందో యాజమాన్యం చెప్పాలి.

రాజ్యాంగంలోని 30(1) అధికరణం మత, భాషా మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కునిచ్చింది. ఆ హక్కు పవిత్రమైనదనే ఈ పత్రిక ఎల్లప్పుడూ వాదించింది, ఇప్పుడూ వాదిస్తుంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, ప్రైవేటు పాఠశాలలన్నీ ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లను బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని శాసించినప్పుడు, 2014 మే 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ‘ప్రమతి’ కేసులో మైనారిటీ పాఠశాలలను ఆ చట్టం పరిధి నుంచి పూర్తిగా తప్పించింది. తమ స్వభావాన్ని కాపాడుకోవలసిన సంస్థలపై ప్రభుత్వం పిల్లలను రుద్దరాదన్నది అందులోని ఆంతర్యం. పేద పిల్లవాడిని గేటు దగ్గరే ఆపేందుకు ఇచ్చిన మినహాయింపు కాదది. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, పేదల పేరుతో మైనారిటీ హోదా సంపాదించి, ఆ హోదాతోనే పేదల సీట్లు ఎగవేయడాన్ని ఏ అధికరణం సమర్థిస్తుంది? పరిపాలించే హక్కులో దుష్పరిపాలన హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1958లోనే, కేరళ విద్యా బిల్లు సందర్భంగా చెప్పింది.

పాఠశాల నడపడానికి డబ్బు కావాలి, నిజమే. ఎయిడెడ్ (ప్రభుత్వం జీతమిచ్చే) పోస్టులు ఖాళీ అయితే నింపరు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను సిబ్బందితో, ఆస్తులతో సహా అప్పగించమని ఒత్తిడి తెచ్చి, తల్లిదండ్రులు రోడ్డెక్కాక వెనక్కి తగ్గిన ఉదంతం కూడా ఎవరూ మరచిపోలేదు. పట్టణ పాఠశాల లాభంతో పల్లె బడిని నిలబెడతామని యాజమాన్యాలు చెప్పే మాటలో కొంత వాస్తవం ఉండవచ్చు. కానీ ఇక్కడ జరుగుతున్నది దానికి తిరగబడిన కథ. ఇదే యాజమాన్యానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పాత తెలుగు మాధ్యమ పాఠశాలలో ఇద్దరే ఉపాధ్యాయులు మిగిలారు. అక్కడి సిస్టర్లను కొత్త ప్రాంగణానికి మార్చారు. పెంకులు ఊడిన గదిలో మూడు తరగతులు కలిపి కూర్చోబెడుతున్నారు. లాభం పల్లెకు పోవడం అటుంచి, పల్లెలో ఉన్నదే పట్టణానికి తరలిపోయింది.

ఇది కథోలిక విద్య చరిత్రకే తలవంపు. విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ పాఠశాల 1847లో మొదలైంది. 1904లో హాలండు నుంచి గుంటూరుకు వచ్చిన జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) సభ సిస్టర్లు, ఆడపిల్లలను, అందులోనూ అంటరానివారన్న ముద్ర పడిన ఇళ్ల ఆడపిల్లలను బడిలో కూర్చోబెట్టడమే అపచారంగా భావించిన రోజుల్లో పలకా బలపం పట్టించారు. మాలపల్లి నుంచి నర్సుగా, టీచరుగా, గుమాస్తాగా ఎదిగిన మొదటి తరం తెలుగువారిలో ఎందరికో ‘ఫాదరుగారి బడే’ అక్షరాభ్యాసం. క్రైస్తవేతరులు ఈ నాటికీ ఆ బడులను గౌరవంతో చూస్తున్నారంటే ఆ పాత పుణ్యమే కారణం. కొత్త పాఠశాల తన రంగుల ప్రాస్పెక్టస్ మొదటి పేజీలో ఆ వారసత్వాన్నే అమ్ముకుంటోంది. ఫీజుల పట్టిక చివరి పేజీలో ఉంది.

తిరుసభ (కథోలిక చర్చి) సొంత శాసనాలైనా యాజమాన్యాన్ని ఆలోచింపజేయాలి. రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన విద్యా ప్రకటన, పేదలను, కుటుంబ ఆదరణకు నోచుకోనివారిని, అన్యమతస్థులను ప్రత్యేకంగా పట్టించుకోవాలని కథోలిక పాఠశాలలకు చెప్పింది. 1977లో వాటికన్ విడుదల చేసిన మరో పత్రం ఇంకా నిర్మొహమాటంగా, సంపన్నుల పిల్లలకే పాఠశాలలు నడిపితే అన్యాయమైన సమాజానికి కొమ్ముకాసినట్టవుతుందని హెచ్చరించింది. 1983 నాటి తిరుసభ చట్ట స్మృతి ప్రకారం సంబంధిత తిరుసభ అధికారి సమ్మతి లేనిదే ఏ బడీ ‘కథోలిక పాఠశాల’ అన్న పేరు పెట్టుకోరాదు. తన మేత్రాసనంలోని కథోలిక పాఠశాలలను తనిఖీ చేసే హక్కు మేత్రాణులకు ఉంది. కాబట్టి ఇది ఎవరో ఒక కరస్పాండెంట్ అత్యుత్సాహమని తప్పించుకునే వీలు లేదు. పేరు పెట్టుకోనిచ్చినవారికి ఆ పేరుతో జరుగుతున్న పనిలోనూ బాధ్యత ఉంది.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది ఈ రెండు నాలుకల ధోరణి రేపు ఎవరి చేతికి ఆయుధమవుతుందన్నదే. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2021లో ఇచ్చిన నివేదిక, క్రైస్తవ మైనారిటీ పాఠశాలల్లో చదివేవారిలో 74 శాతం క్రైస్తవేతరులేనని, మొత్తం మైనారిటీ పాఠశాలల్లో సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన పిల్లలు 8.76 శాతమేనని లెక్క తేల్చింది. మొదటి అంకెలో తప్పేమీ లేదు, అది ఆ బడుల ఔదార్యానికి సాక్ష్యం. సిగ్గుపడవలసింది రెండో అంకెకు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టులో జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ మన్మోహన్‌ల ధర్మాసనం, విద్యాహక్కు చట్టాన్ని తప్పించుకోవడానికి మైనారిటీ హోదా ఒక వాహనంలా మారినట్టుందని వ్యాఖ్యానించి, ‘ప్రమతి’ తీర్పును విస్తృత ధర్మాసనం పరిశీలించే విషయమై ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. మైనారిటీల హక్కులంటేనే గిట్టనివారు ఆ పరిశీలన కోసం ఎదురుచూస్తున్నారు. వారికి కావలసిన సాక్ష్యాన్ని బైపాస్ రోడ్డు పక్కన ఇటుక మీద ఇటుక పేర్చి కట్టిస్తున్నది శత్రువులు కాదు, సాక్షాత్తూ తిరుసభ యాజమాన్యాలే. ఆ తీర్పు తిరగబడితే నష్టపోయేది గుర్రపుస్వారీ నేర్పే బడి కాదు, ఏజెన్సీలో, తీర గ్రామాల్లో ముక్కుతూ మూలుగుతూ నడుస్తున్న నిజమైన మిషన్ బడులు.

జిల్లా విద్యాధికారులు కూడా నిద్ర నటించడం మానాలి. విద్యాహక్కు చట్టం వర్తించకపోయినా, క్యాపిటేషన్ ఫీజును (సీటు ఇచ్చేందుకు అసలు ఫీజుకు మించి చేసే వసూలును) నిషేధించిన 1983 నాటి రాష్ట్ర చట్టం మైనారిటీ సంస్థలకు మినహాయింపు కాదు. ‘భవన నిధి’ అన్న ముసుగు వేసినంత మాత్రాన వసూలు స్వభావం మారదు.

బడి గంట మోగడానికి ఇంకా వారాలున్నాయి. యాజమాన్యం ఏ కోర్టు ఆజ్ఞ కోసమూ ఎదురుచూడకుండా నాలుగో వంతు సీట్లను పేటల పిల్లలకు, మతం అడగకుండా, ఫీజు లేకుండా ఇవ్వవచ్చు. జ్ఞానస్నాన పత్రంతో వచ్చిన తల్లిని వెనక్కి పిలిచి కుర్చీ వేయవచ్చు. రెండూ చేతకాకపోతే, ప్రారంభోత్సవానికి మేత్రాణులు వచ్చేలోపు తాపీమేస్త్రీని పిలిపించి ఆ నల్లరాతి మీది చివరి వాక్యాన్నైనా చెక్కేయించాలి.