ఖాళీ గడికే నా ఓటు

ఇండోనేషియాలో నియంతృత్వం పోయిందని ఎవరో పుకారు పుట్టించారు. పోలేదండీ, పంచుకున్నారు, అంతే.

32 ఏళ్ల పాటు అది సుహార్తో ఒక్కడి సొత్తు. జకార్తాలో ఒక కుటుంబం భోంచేస్తుంటే దూరపు దీవుల్లోని పెద్దమనుషులు గుటకలు మింగుతూ కూర్చున్నారు. ఎంత అన్యాయం! 1998 మే 21న ఆయన దిగిపోయాక, మరుసటి ఏడాదే ప్రాంతాలకు స్వయంపాలన చట్టాలు చేసి, 2001 నుంచి అమలు పెట్టారు. ఇవాళ 38 ప్రావిన్సులు, జిల్లాలూ నగరాలూ కలిపి 514. జిల్లాకో బుపాటి, అంటే జిల్లా పాలకుడు, బుపాటికో బావమరిది.

పార్టీ టికెట్టుకి చెల్లించే సొమ్మును అక్కడ 'మహర్' అంటారు, అంటే పెళ్లికూతురికి ఇచ్చే కానుక. పోలింగ్ రోజు తెల్లారకముందే తలుపు తట్టి కవరు చేతిలో పెట్టడానికి 'సెరాంగన్ ఫజర్' అని పేరు. వేకువ దాడి. దాడికి గురైనవాళ్లు ఫిర్యాదు చేసింది మాత్రం తక్కువే.

ఒక్కోసారి ఒకే పెళ్లికొడుకు పార్టీలన్నిటికీ మహర్ చదివించేస్తాడేమో, పోటీకి ఇంకెవరూ మిగలరు. 2024 నవంబర్ ఎన్నికల్లో 37 చోట్ల ఇదే పరిస్థితి. అప్పుడు బ్యాలెట్ మీద రెండే గడులు: ఒకదాంట్లో నవ్వుతున్న ఫొటో, పక్కది ఖాళీ, అతను వద్దనుకునేవాళ్ల కోసం. అక్కడ ఓటు ముద్ర వేయరు, మేకుతో కాగితాన్ని పొడుస్తారు. చిక్కేమిటంటే, నచ్చినవాడి ముఖాన్నే పొడవాలి. నచ్చనివాడు చెక్కుచెదరకుండా నవ్వుతూనే ఉంటాడు.

నా దృష్టిలో ఆ ఖాళీ గడిని మించిన నాయకుడు లేడు. వాగ్దానాలు చేయలేదు, కొడుకుని వారసుడనలేదు, వేకువన తలుపు తట్టలేదు. జనం గుర్తించారు కూడా. 2018లో మకస్సర్‌లో మేయర్ పదవికి గెలిచింది ఖాళీ గడే. 2024లో పంగ్కల్‌పినాంగ్, బంగ్కాల్లోనూ అదే గెలిచింది. కానీ కుర్చీ ఇవ్వలేదు! పైనుంచి తాత్కాలిక అధికారిని పంపి, 2025 ఆగస్టులో మళ్లీ ఎన్నికలు పెట్టారు. ఈసారి అభ్యర్థులు ఒకరికి మించి వచ్చారు కాబట్టి గెలిచిన గడిని బ్యాలెట్ నుంచే తీసేశారు. ఓడినవాడు మళ్లీ నిలబడొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది.

ఇంత గందరగోళం దేనికని అధ్యక్షుడు ప్రబోవోకీ అనిపించినట్టుంది. ఆయన సుహార్తోకి ఒకప్పటి అల్లుడు. 2025 నవంబర్ 10న మాజీ మామగారిని జాతీయ వీరుడిగా ప్రకటించారు. అదే జాబితాలో మార్సినా కూడా ఉంది. జీతం పెంచమని పోరాడి, ఆ మామగారి పాలనలోనే 1993లో హత్యకు గురైన ఫ్యాక్టరీ కార్మికురాలు. ఎవరినీ నొప్పించని జాబితా అంటే ఇదే.

అంతకు ముందే, 2024 డిసెంబర్‌లో గోల్కర్ పార్టీ వార్షికోత్సవంలో ప్రబోవో ఓ సలహా ఇచ్చారు. గోల్కర్ అంటే మామగారి పాత వాహనం, ఇంకా కండిషన్‌లోనే ఉంది. ప్రత్యక్ష ఎన్నికలకు ఖర్చు మరీ ఎక్కువ, గవర్నర్లనీ బుపాటిలనీ స్థానిక సభలే ఎన్నుకుంటే సరిపోతుంది కదా అన్నారు. మామగారి హయాంలోనూ సామాన్యుణ్ణి ఇబ్బంది పెట్టకుండానే ఈ పని జరిగేది. జనం ఆ రోజు తీరిగ్గా నిద్రలేవొచ్చు. తలుపు తట్టేవాళ్లు ఉండరు, మేకులు కూడా మిగులుతాయి.